భుజం మార్చుకోవాలా, ఆట మార్చుకోవాలా?

ఒక ఎముకల డాక్టరు బల్ల మీదికి ఒకే రోజు రెండు ఎక్స్‌రేలు వచ్చాయనుకుందాం. రెండూ అరవై దాటిన మగవాళ్లవి, రెండూ కుడి భుజానివి. రెండింట్లోనూ గుజ్జు అరిగిపోయి ఎముక ఎముకకు రాసుకుంటోంది. అంచుల వెంబడి కొత్త ఎముక ముళ్లలా పెరిగింది. మొదటాయన పొద్దున నడుస్తాడు, సాయంత్రం మనవలతో గడుపుతాడు. గ్యాస్ సిలిండరు జరిపిన రోజున భుజం సలుపుతుంది, మర్నాటికి సర్దుకుంటుంది. రెండో ఆయన కుర్రతనం నుంచీ షటిల్ ఆడుతున్నాడు. వెటరన్స్ డబుల్స్ కోసం ఊళ్లు తిరిగిన మనిషి. ఏడాదిగా స్మాష్ కొట్టలేకపోతున్నాడు. ఆర్నెల్లుగా ఆ వైపు తిరిగి పడుకోలేకపోతున్నాడు.

ఎక్స్‌రేని బట్టే నిర్ణయించేట్టయితే ఇద్దరికీ ఒకే మాట చెప్పాలి. నిజానికి మొదటాయనకు ఆపరేషన్ ఊసే అక్కర్లేదు. ఎక్స్‌రేలో ఎంత అరుగుదల కనిపించినా, అది నిద్రనూ పనినీ చెడగొట్టనంత కాలం అలాగే ఉండనివ్వచ్చు. భుజం అరుగుదల ప్రాణం మీదికి తెచ్చే జబ్బు కాదు, రేపే ఆపరేషన్ కావాలని తొందరపెట్టే జబ్బూ కాదు. ఈ అధ్యాయం రెండో ఆయన కోసం రాస్తున్నాను. ఆయన డాక్టరును అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘ఆపరేషన్ చేయించుకుంటే మళ్లీ ఆడతానా?’ న్యాయమైన ప్రశ్నే కానీ మరీ వెడల్పుగా ఉంది. ఆట అంటే ఏ కదలిక, ఎంత బలంతో, వారానికి ఎన్నిసార్లు అని విడగొట్టుకుంటే తప్ప దానికి నిజాయితీగా జవాబు చెప్పడం ఎవరివల్లా కాదు. ఎందుకో తెలియాలంటే ముందు భుజం కీలు ఎలా కట్టి ఉందో చూడాలి.

బడిలో నోట్లో చెంచా పెట్టుకుని, అందులో నిమ్మకాయ ఉంచి పరుగెత్తిన వాళ్లకు భుజం కీలు సగం అర్థమైనట్టే. జబ్బ ఎముక తల గుండ్రంగా, పెద్దదిగా ఉంటుంది. దాన్ని పట్టుకోవలసిన రెక్క ఎముక అంచున ఉన్న గిన్నె చిన్నది, లోతు లేనిది. ఏ క్షణంలో చూసినా బంతి ఉపరితలంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకానే ఆ గిన్నెకు ఆనుకుని ఉంటుంది. ఇంత వదులుగా కట్టబట్టే చేయి వెనక్కి, పైకి, అడ్డంగా, గుండ్రంగా తిరగగలుగుతోంది. మరి నిమ్మకాయ జారిపోకుండా చూసేదెవరు? గిన్నె చుట్టూ మెత్తని అంచు ఒకటి, దాని మీద సంచి లాంటి పొర, అన్నిటికీ మించి నాలుగు చిన్న కండరాలు. ఆ నాలుగింటినీ ఎముకకు కట్టే టెండన్లు కలిసి బంతి చుట్టూ పట్టీలా అల్లుకుని ఉంటాయి. దీన్నే రొటేటర్ కఫ్ అంటారు. చేతిని పైకెత్తే బలం భుజం పైనున్న డెల్టాయిడ్ కండరానిది. ఆ ఎత్తే వేళ బంతిని గిన్నె మధ్యకు నొక్కి పట్టే పని కఫ్‌ది. కఫ్ సడలితే డెల్టాయిడ్ ఎంత లాగినా చేయి లేవదు, బంతి మాత్రం పైకి జారుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఆపరేషన్ల గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ మళ్లీ అవసరపడుతుంది.

భుజం మీద ఒంటి బరువు పడదు కదా, మోకాలిలా ఎందుకు అరుగుతుంది అని చాలామంది అడుగుతారు. పడుతుంది, కాకపోతే వేరే దారిలో. ఉత్త చేతిని పక్కకు భుజం ఎత్తు దాకా లేపితే చాలు, కండరాల లాగుడు వల్ల కీలు లోపల దాదాపు ఒంటి బరువంత ఒత్తిడి పుడుతుందని 1978లోనే పాపెన్, వాకర్ లెక్కగట్టారు. చేతిలో ఏమీ లేనప్పటి మాట అది. ఇక రాకెట్ పట్టుకుని ఎగిరి కొట్టినప్పుడు, జిమ్‌లో బెంచ్ ప్రెస్ చేసినప్పుడు ఎంతుంటుందో ఊహించుకోవచ్చు.

ఆటగాళ్ల భుజాలు అరగడానికి వయసు ఒక్కటే కారణం కాదు. కబడ్డీలోనో కుస్తీలోనో ఇరవై ఏళ్లప్పుడు గూడ జారిన వాళ్లకు, ఆ జారుడు ఆపడానికి కీలు ముందు భాగాన్ని మరీ బిగించి కుట్టిన వాళ్లకు, యాభై దాటాక ఆ భుజమే ముందుగా అరిగిపోవడం సర్జన్లు తరచుగా చూస్తారు. బరువులెత్తే వాళ్లది ఇంకో దారి. చేతులు చాచి ముందుకు నెట్టే ప్రతి కసరత్తులోనూ బంతి వెనక్కి నెట్టుకుపోతుంది, గిన్నె వెనక భాగమే ఎక్కువగా అరుగుతుంది. ఫ్రాన్స్‌లో లియాన్ నగరానికి చెందిన సర్జన్ జిల్ వాల్ష్, సహచరులతో కలిసి ఈ అరుగుదల తీరులను 1999లో వర్గాలుగా విభజించాడు. అందులో బి2 అన్నది సర్జన్లకు తలనొప్పి తెచ్చే రకం. అక్కడ గిన్నెలో పాత పల్లం పక్కన, వెనకవైపు ఇంకో పల్లం ఏర్పడి, బంతి ఆ కొత్త పల్లంలో కూర్చుంటుంది. ఇలాంటి భుజంలో కృత్రిమ కీలు సరిగ్గా నిలబెట్టడం కష్టం. నిలబెట్టినా ఎక్కువకాలం ఉంచడం ఇంకా కష్టం.

అయితే నొప్పి అంతా అరుగుదలదే అని ముందే తేల్చుకోకూడదు. మెడ నరాలు నొక్కుకున్నా భుజం లాగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఫ్రోజెన్ షోల్డర్ తరచుగా వస్తుంది, దానికి కీలు మార్పిడితో సంబంధమే లేదు. కఫ్ చిరుగుల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. ఏ భుజం నొప్పీ లేని వాళ్లకు ఎంఆర్ఐ తీసి చూసిన 1995 నాటి ఒక అధ్యయనంలో, అరవై దాటిన వాళ్లలో సగానికి పైగా మందికి ఎంతో కొంత చిరుగు కనిపించింది. అంటే స్కాన్ రిపోర్టులో ‘టేర్’ అన్న మాట ఉన్నంత మాత్రాన నొప్పికి అదే మూలమని చెప్పలేం. డాక్టరు చేయి పట్టుకుని తిప్పి చూసే ఐదు నిమిషాల పరీక్ష ఇక్కడ స్కాన్ కంటే ఎక్కువ చెబుతుంది. అరిగిన కీలైతే, చేతిని డాక్టరు కదిపినా అంతే బిగుసుకుని ఉంటుంది, ముఖ్యంగా మోచేయి ఒంటికి ఆనించి ముంజేతిని బయటకు తిప్పేటప్పుడు. కఫ్ ఒక్కటే చిరిగితే, తనంతట తాను ఎత్తలేని చేతిని డాక్టరు ఎత్తితే లేస్తుంది.

అరుగుదలే అని తేలాక కూడా ఆపరేషన్‌కు ముందు చేయదగినవి ఉన్నాయి. ఫిజియో దగ్గర కఫ్‌నూ రెక్క ఎముక చుట్టూ ఉన్న కండరాలనూ బలపరచడం, బిగిసిన కీలును రోజూ ఓపిగ్గా సాగదీయడం, బెంచ్ ప్రెస్, డిప్స్ లాంటివి మానేసి బంతి వెనక్కి నెట్టుకుపోని కసరత్తులకు మారడం. ఇవి గుజ్జును తిరిగి పెంచవు. అయినా కొందరికి ఏళ్ల తరబడి ఆట నిలబెడతాయి. స్టెరాయిడ్ సూది కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. ఒక టోర్నమెంటు ముందు అది పెద్ద ఆశగా కనిపిస్తుంది. కానీ సూది వేసుకున్న మూడు నెలల లోపు కీలు మార్పిడి చేస్తే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. అందుకే ఆపరేషన్ ఆలోచన ఉన్నవాళ్లు సూది తేదీని సర్జన్‌కు తప్పకుండా చెప్పాలి.

ఈ దారులన్నీ అయిపోయాకే మార్పిడి సంగతి వస్తుంది. అది కొత్త ఆలోచనేమీ కాదు. 1893లో పారిస్‌లో జూల్ ఎమీల్ పెయాన్ అనే సర్జన్, క్షయ తినేసిన భుజం ఉన్న 37 ఏళ్ల రొట్టెల కార్మికుడికి ప్లాటినం, గట్టిపరచిన రబ్బరుతో ఒక దంతవైద్యుడు తయారుచేసిన కీలు అమర్చాడు. రెండేళ్లకు ఇన్ఫెక్షన్ వల్ల దాన్ని తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత అరవై ఏళ్ల పాటు పెద్దగా ఏమీ జరగలేదు. 1950లలో న్యూయార్క్‌లో ఛార్లెస్ నీర్, ముక్కలైన జబ్బ ఎముక తల బదులు లోహపు తల పెట్టడం మొదలుపెట్టి, తన ఫలితాలను 1955లో ప్రచురించాడు. 1974 నాటికి ఆయనే అరిగిన కీళ్లలో లోహపు బంతికి జోడీగా ప్లాస్టిక్ గిన్నె కూడా అమర్చిన ఫలితాలు చూపాడు. ఇవాళ అసలు కీలు ఆకారాన్నే అనుసరించే మార్పిడి అంతా ఆ జోడీ నుంచి వచ్చిందే. కఫ్ బాగుండి, గుజ్జు మాత్రమే అరిగిన వాళ్లకు ఇది సరిపోతుంది.

ఆటగాడి కష్టమంతా ఆ ప్లాస్టిక్ గిన్నె దగ్గరే ఉంది. లోహపు బంతి సాధారణంగా చెడిపోదు, జబ్బ ఎముకలో దిగ్గొట్టిన కాడ అరుదుగానే వదులవుతుంది. గిన్నె మాత్రం పలచని ప్లాస్టిక్, దాన్ని పట్టుకునే ఎముక అంతకన్నా తక్కువ. బంతి సరిగ్గా మధ్యలో నొక్కినంత సేపు అది నిలుస్తుంది. బంతి అంచు మీదికి వెళ్లి నొక్కితే, ఎదుటి అంచు లేస్తుంది. బలంగా కొట్టే ప్రతిసారీ ఈ ఊగిసలాట కొద్దికొద్దిగా జరిగి, కొన్నేళ్లకు గిన్నెను ఎముకకు అంటించిన సిమెంటు పట్టు సడలుతుంది. అమెరికాలో సియాటెల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ తీరును 1988లో వివరించారు. కఫ్ బలహీనపడితే బంతి పైకి జారి పై అంచునే నొక్కుతుంది కాబట్టి ఊగిసలాట మరింత ఎక్కువవుతుంది. ఇప్పటి ప్లాస్టిక్ పాతదాని కంటే తక్కువ అరుగుతుంది, అయినా అంచు మీది దెబ్బ దెబ్బే.

తుంటి కీలు మార్చుకుని ప్రొఫెషనల్ టెన్నిస్ ఆడిన వాళ్లు ఉన్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉన్నారు. బాబ్ బ్రయన్ 2018 ఆగస్టులో తుంటి ఎముక తలకు లోహపు తొడుగు వేయించుకుని 2019 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఆడాడు. ఆండీ ముర్రే అదే నెలలో అదే రకం ఆపరేషన్ చేయించుకుని అక్టోబరులో ఆంట్వెర్ప్‌లో సింగిల్స్ టైటిల్ గెలిచాడు. తుంటిలో గిన్నె లోతైనది, బంతిని అన్నివైపులా కమ్ముకుని ఉంటుంది, బరువు దాదాపు ఒకే దిశలో పడుతుంది. భుజంలో ఇందులో ఏదీ లేదు. తుంటి కథలు చూసి భుజానికి ఆశలు పెట్టుకోవడం అన్యాయమే.

ప్లాస్టిక్కే బలహీనమైతే దాన్ని పెట్టకుండా ఉండలేమా? సియాటెల్‌లోనే సర్జన్ ఫ్రెడరిక్ మాట్సన్ ఈ ప్రశ్న పట్టుకుని ఒక పద్ధతి నడిపాడు. దాని పేరు రీమ్ అండ్ రన్. జబ్బ ఎముక తలకు లోహపు బంతి పెడతారు. గిన్నె వైపు ప్లాస్టిక్ పెట్టరు. అరిగి వంకర పోయిన ఎముకనే గుండ్రంగా, బంతి కంటే కాస్త పెద్ద వంపుతో చెక్కుతారు. చెక్కిన ఎముక మీద, కీలు కదులుతూ ఉంటే, క్రమంగా నార లాంటి గట్టి పొర ఏర్పడుతుంది. కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో ఇది కనిపించింది. వదులవడానికి ప్లాస్టిక్ లేదు కాబట్టి, కోలుకున్నాక బరువులెత్తడానికి, పుష్‌అప్స్ చేయడానికి ఆ కారణంగా పెట్టే పరిమితి ఉండదు.

ఇది ఆటగాళ్ల కోసమే పుట్టినట్టు వినిపిస్తుంది, నిజానికి చాలావరకు అంతే. కానీ దీనికి అడిగే ధర పెద్దది. ఆ నార పొర సరిగ్గా పడాలంటే ఆపరేషన్ అయిన రోజు నుంచే నొప్పి ఉన్నా చేతిని నెలల తరబడి రోజుకు ఎన్నోసార్లు సాగదీయాలి. ఒక్క వారం అశ్రద్ధ చేస్తే కీలు బిగుసుకుపోతుంది. కొందరికి మత్తుమందు ఇచ్చి మళ్లీ సాగదీయాల్సి వస్తుంది, కొందరికి కొన్నేళ్లకు ప్లాస్టిక్ గిన్నెతో రెండో ఆపరేషన్ తప్పదు. పూర్తి ఫలితం కనపడటానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టవచ్చు. ప్లాస్టిక్ గిన్నె పెట్టిన వాళ్లకు నొప్పి కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంటే, వీళ్లు ఆ నెలలన్నీ ఓపిక పట్టాలి. ఈ పద్ధతి చేసే సర్జన్లు ప్రపంచంలోనే తక్కువ, మన దగ్గర మరీ తక్కువ. అలవాటు లేని చేతుల్లో దీన్ని చేయించుకోమని నేను ఎవరికీ చెప్పను.

మూడో దారి కఫ్ పోయిన వాళ్లది. ఫ్రాన్స్‌లోని డిజాన్‌కు చెందిన సర్జన్ పాల్ గ్రామోన్ 1985లో భుజాన్ని తలకిందులు చేశాడు. రెక్క ఎముక మీద బంతి, జబ్బ ఎముక మీద గిన్నె. తిప్పి పెట్టడంలో ఏముంది అనిపిస్తుంది కానీ, ఇందులోని ఆలోచన అద్భుతం. కీలు తిరిగే కేంద్రం లోపలికీ కిందికీ జరుగుతుంది. దాంతో డెల్టాయిడ్‌కు పట్టు పెరుగుతుంది, అది సాగి ఉండటం వల్ల బిగువూ పెరుగుతుంది. ఇక కఫ్ నొక్కి పట్టకపోయినా డెల్టాయిడ్ ఒక్కటే చేతిని తల మీదికి ఎత్తగలదు. ఏళ్లుగా చేయి లేవని వాళ్లు ఈ ఆపరేషన్ తర్వాత జుట్టు దువ్వుకోగలిగారు. అమెరికాలో దీనికి అనుమతి 2003లో వచ్చింది. ఇప్పుడు అక్కడ ఏటా జరిగే లక్షకు పైగా భుజం మార్పిడుల్లో ఎక్కువ భాగం ఈ తిరగేసిన రకమే.

తిరగేసిన కీలులో చేతిని ఎత్తడం బాగా వస్తుంది, తిప్పడం అంతగా రాదు. ముఖ్యంగా చేయి వీపు వెనక్కి తీసుకెళ్లడం చాలామందికి తగ్గిపోతుంది. అమెరికాలో రాసిన పుస్తకాల్లో ఇది ప్యాంటు వెనక జేబులోంచి పర్సు తీసుకోవడానికి ఇబ్బందిగా కనిపిస్తుంది. మన ఇళ్లలో ఇది ఇంకా పెద్ద మాట. మలవిసర్జన తర్వాత నీళ్లతో కడుక్కునే చేయి ఎడమది. ఎడమ భుజానికి తిరగేసిన కీలు పెట్టించుకునే ముందు ఈ ప్రశ్న సర్జన్‌ను సిగ్గుపడకుండా అడగాలి. రెండు భుజాలకూ పెట్టించుకునే వాళ్లయితే మరీ ముఖ్యం. రవికెకు వెనక హుక్కులు పెట్టుకునే ఆడవాళ్లకు, జడ వేసుకునే వాళ్లకు కూడా ఈ తేడా రోజూ తెలుస్తుంది. ఆటగాళ్లకైతే స్మాష్‌లో చివరి తిప్పుడు బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. అతిగా వాడితే డెల్టాయిడ్ పుట్టే పై ఎముక చిట్లే ప్రమాదమూ ఉంది.

ఎంతమంది మళ్లీ ఆడుతున్నారు అన్నదానికి లెక్కలు లేకపోలేదు. 2018లో వెలువడ్డ ఒక సమీక్ష ప్రకారం, అసలు ఆకారంలో మార్పిడి జరిగిన ఆటగాళ్లలో నూటికి 90 మందికి పైగా, తిరగేసిన కీలు పెట్టిన వాళ్లలో 75 మంది దాకా ఏదో ఒక ఆటకు తిరిగివెళ్లారు. ఈ అంకెలు ధైర్యం ఇస్తాయి. చదివేటప్పుడు మాత్రం మూడు సంగతులు తోడు ఉండాలి. ‘తిరిగివెళ్లారు’ అంటే పాత స్థాయికి అని కాదు. ఈదే వాళ్లు, గోల్ఫ్ ఆడే వాళ్లు తేలిగ్గా తిరిగివెళ్తారు, తల మీద నుంచి కొట్టే ఆటల వాళ్లు అంత తేలిగ్గా వెళ్లరు. అన్నిటికన్నా ముఖ్యం, ఆడటం మొదలుపెట్టిన తర్వాత ఆ గిన్నె ఎన్నేళ్లు నిలిచిందో ఇలాంటి అధ్యయనాలు ఎక్కువగా చెప్పవు.

ఎన్నేళ్లు నిలుస్తుందనే దానికి ఇంగ్లండ్ రికార్డులు మెరుగైన జవాబు ఇస్తాయి. భుజం మార్పిళ్లలో పదింట తొమ్మిది పదేళ్లు దాటుతాయి. ఇది సగటు మాట. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం, ఇరవై ఏళ్ల ఆసుపత్రి రికార్డులను వయసుల వారీగా విడదీసింది. 85 దాటిన ఆడవాళ్లలో జీవితకాలంలో మళ్లీ ఆపరేషన్ అవసరపడేది 37 మందిలో ఒకరికి. 55 నుంచి 59 మధ్య మగవాళ్లలో నలుగురిలో ఒకరికి. ఆ రెండో ఆపరేషన్లు ఎక్కువగా మొదటి ఐదేళ్లలోనే వచ్చాయి. అంటే అవి పూర్తిగా అరుగుదల వల్ల వచ్చినవని అనుకోలేం. కఫ్ తెగడం, కీలు జారడం, ఇన్ఫెక్షన్ లాంటివీ ఉంటాయి. రెండోసారి చేసే ఆపరేషన్ మొదటిదంత బాగా రాదు. గిన్నె ఎముక ఒకసారి చెక్కి, సిమెంటు పెట్టి, మళ్లీ తీసినప్పుడు మిగిలేది తక్కువే. కాబట్టి యాభైల్లో ఉన్న ఆటగాడికి ‘ఇంకా ఆగు’ అని సర్జన్ చెప్పడంలో న్యాయం ఉంది.

అలాగని ఆగడం వల్ల నష్టమే లేదని కాదు. ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: నొప్పిని ఎంతవరకు భరించగలం అన్నదాన్ని బట్టి ఆగే కాలం నిర్ణయించుకోకూడదు. ఆటగాళ్లు నొప్పిని మామూలు మనుషుల కన్నా ఎక్కువ భరిస్తారు, అందుకే వాళ్లు ఆలస్యంగా వస్తారు. ఈలోగా గిన్నె వెనక భాగం అరుగుతూనే ఉంటుంది. ఎముక తరిగేకొద్దీ సాదా మార్పిడి కష్టమై, తిరగేసిన రకానికి వెళ్లాల్సి రావచ్చు. కఫ్ చిరిగితే దాని కండరంలో క్రమంగా కొవ్వు చేరుతుంది, చేరిన కొవ్వు మళ్లీ కండరంగా మారదు. ఇవి రెండూ నొప్పి పెరగకుండానే జరగవచ్చు. కాబట్టి ఆగుతున్న వాళ్లు ఏడాదికోసారైనా ఎక్స్‌రే తీయించుకోవాలి. ముందు నుంచి తీసే మామూలు ఎక్స్‌రేలో వెనక అరుగుదల కనపడదు. చేయి ఎత్తించి చంక వైపు నుంచి తీసేది అడిగి తీయించుకోవాలి.

ఇన్ఫెక్షన్ మాటా ఒకటుంది. భుజంలో వచ్చేది తరచుగా జ్వరం, ఎర్రదనం లేకుండా చాప కింద నీరులా నడుస్తుంది. క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే బాక్టీరియా భుజం, వీపు, చంక చర్మంలోని నూనె గ్రంథుల్లో ఉంటుంది, మగవాళ్లలో మరీ ఎక్కువ. పైపైన స్నానం చేసినంత మాత్రాన లోపలి నుంచి పోదు. ప్రయోగశాలలో పెరగడానికే రెండు వారాల దాకా పడుతుంది. ఏడాది తర్వాత కారణం తెలియకుండా భుజం బిగుసుకుని నొప్పి మొదలైతే దీన్ని అనుమానిస్తారు. ఆపరేషన్‌కు ముందు కొన్ని రోజులు మొటిమలకు వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ రాసుకోమని చాలామంది సర్జన్లు చెప్పేది ఇందుకే.

ఆపరేషన్ తర్వాతి నెలల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఆటగాళ్లు తడబడేది ఇక్కడే. రీమ్ అండ్ రన్ సంగతి వేరు. మామూలు మార్పిడిలో లోపలికి వెళ్లడానికి కఫ్‌లో ముందున్న సబ్‌స్కాపులారిస్ టెండన్‌ను విడదీసి, చివర్లో తిరిగి కుడతారు. నొప్పి తగ్గేది వారాల్లో. ఆ కుట్టు మానేది నెలల్లో. ఈ తేడాలోనే ప్రమాదమంతా ఉంది. నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్. ఆ తర్వాత కూడా కొన్ని వారాలు చేతిని బలంగా బయటకు తిప్పకూడదు, లోపలికి లాగకూడదు. కుర్చీలోంచి లేచేటప్పుడు ఆ చేతిని ఆనించి నెట్టుకోకూడదు. మనకు నేల మీద కూర్చునే అలవాటు. లేచేటప్పుడు చేయి ఆనించడం ఎవరూ తలచుకుని చేసేది కాదు. మొదటి మూడు నెలలు నేల మీద కూర్చోకపోవడమే మేలు. బకెట్ నీళ్లు, ట్యాంకు మూత, షట్టర్ లాగడం, అన్నీ అదే కోవలోకి వస్తాయి. ఏ నొప్పీ లేని ఆరో వారంలో, బాగానే ఉంది కదా అని రాకెట్ ఊపి టెండన్ తెంపుకున్న వాళ్లుంటారు. ఆ టెండన్ తెగితే బంతి ముందుకు జారుతుంది. అప్పుడు మళ్లీ ఆపరేషనే.

అన్నీ సరిగ్గా సాగితే మూడు, నాలుగు నెలలకు నడుము దిగువన ఆడే తేలికపాటి షాట్లు, నీళ్లలో బ్రెస్ట్ స్ట్రోక్. ఆరు నెలలకు ఆటకు అనుమతి. బరువుల విషయంలో సర్జన్లందరూ ఒకే గీత గీయరు. జీవితాంతం పది కిలోలు అనేవాళ్లూ ఉన్నారు, పాతిక కిలోల దాకా పర్వాలేదు అనేవాళ్లూ ఉన్నారు. ఈ పరిమితుల్లో చాలావరకు అనుభవం మీద చెప్పేవే. కొట్లాట ఆటలు, కుస్తీ, కబడ్డీ మాత్రం వద్దని దాదాపు అందరూ ఒప్పుకుంటారు.

ఇప్పుడు మన షటిల్ ఆటగాడి దగ్గరికి వద్దాం. ఆయన కఫ్ బాగుంది, గిన్నె వెనక భాగం కొద్దిగా అరిగింది, ఇంకా బి2 దాకా రాలేదు అనుకుందాం. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఆయన తన ఆటను విడగొట్టి చూసుకోవాలి. డబుల్స్‌లో నెట్ దగ్గర ఆడేవి, సర్వీసు, డిఫెన్స్, ఇవి చాలావరకు భుజం ఎత్తుకు లోపే. స్మాష్, వెనక నుంచి కొట్టే క్లియర్ మాత్రం ఆ ఎత్తు దాటాలి. ఆయనకు నిద్ర, నెట్ ఆట, పార్ట్‌నర్‌తో కోర్టులో నిలబడటం తిరిగి వస్తే చాలు అనిపిస్తే, మామూలు మార్పిడి ఆయనకు చాలా మంచి బేరం. అది చేయదగిన వయసులోనే ఉన్నాడు, ఎముక మిగిలి ఉంది, పడ్డ కష్టానికి ఫలితం దాదాపు ఖాయం. స్మాష్ లేకుండా ఆట లేదని ఆయన నిజంగా అనుకుంటే, ముందున్నవి రెండు దారులు. రీమ్ అండ్ రన్ బాగా తెలిసిన సర్జన్‌ను వెతికి, రెండేళ్లు రోజూ సాగదీసే పని నెత్తికెత్తుకోవడం. లేదా ఇప్పుడు ఆగి, ఏటా చంక ఎక్స్‌రే తీయించుకుంటూ, నొప్పి ఓర్చుకుని ఆడగలిగినన్నాళ్లు ఆడి, గిన్నె వెనక అరుగుదల పెరుగుతున్న గుర్తు కనపడ్డ ఏడాది ఆపరేషన్‌కు సిద్ధపడటం.

ప్లాస్టిక్ గిన్నె పెట్టించుకుని, ఆరు నెలలకు మళ్లీ పూర్తి బలంతో స్మాష్ కొట్టడం అనే నాలుగో దారి కూడా ఉంది, గిన్నెను వదులు చేసే దారి అదే. మంచి కండబలం, పట్టుదల, నొప్పిని లెక్కచేయని గుణం ఉన్నవాళ్లే ఎక్కువగా ఇది పడతారు. ఫిజియో దగ్గర వాళ్లను అందరి కన్నా ముందు నిలిపేవీ ఆ గుణాలే. సర్జన్ ఆ ఆటగాడితో మొదటి సమావేశంలోనే దీని గురించి సూటిగా మాట్లాడాలి. ఏడాదికి ఎన్ని భుజాలు చేస్తారు, మీ దగ్గర చేయించుకున్న ఆటగాళ్లు ఏయే ఆటలకు వెళ్లారు, వాళ్ల గిన్నెలు ఎలా ఉన్నాయి అని ఆటగాడూ అంతే సూటిగా అడగాలి. మోకాలి మార్పిడి మన జిల్లా పట్నాలకు కూడా వచ్చేసింది, భుజం అలా రాలేదు. అనుభవమున్న చేతుల కోసం హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లి ఇంకొకరి అభిప్రాయం కూడా తీసుకోవడానికి అయ్యే నెల రోజుల ఆలస్యం వల్ల ఈ జబ్బులో కొత్తగా పోయేదేమీ ఉండదు.